వాల్వు యాంప్‌తో సబ్‌వూఫర్: ముందు ఇనుము లెక్క చూసుకోండి

వాల్వు (గాజు బుడ్డిలో వెలిగే పాతకాలపు వాక్యూమ్ ట్యూబు) యాంప్లిఫయర్ సొంతంగా కట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ వాల్వు కొనాలి?" అని. సబ్‌వూఫర్ (లోతైన బాస్ మాత్రమే పాడే పెద్ద స్పీకరు) కోసం కడుతున్నప్పుడు మాత్రం ఆ ప్రశ్న మూడో స్థానంలోకి వెళ్లాలి. మొదటి ప్రశ్న, మీ దగ్గరున్న స్పీకరు ఒక్క వాటుకి ఎంత శబ్దం ఇస్తుంది? రెండోది, వాల్వుకీ స్పీకరుకీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము ఎంత ఉంది, దాని మీద ఎన్ని చుట్లు ఉన్నాయి? ఈ రెండూ తేలితే ఏ వాల్వు వాడాలన్నది దానంతట అదే తేలిపోతుంది. తేలకుండా వాల్వులు కొంటే, అందంగా వెలిగే యాంప్ ఒకటి ఇంట్లో ఉంటుంది, బాస్ మాత్రం ఉండదు. నేను ఈ పొరపాటు చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక్కడ తక్కువ పవర్ అంటే 5 నుంచి 15 వాట్ల మధ్య అనుకుందాం. ఇంట్లో కూర్చుని పాటలు వినేవాళ్ల కోసం రాస్తున్నాను. సినిమాల్లో పేలుళ్లకు గోడలు కదలాలనుకునేవాళ్లకు వాల్వు దారి కాదు, అది ముందే చెప్పేస్తున్నాను. సినిమా సౌండ్‌ట్రాక్‌లో బాస్ ఎఫెక్టుల కోసం విడిగా ఒక ఛానెల్ ఉంటుంది. మిగతా ఛానెళ్ల కంటే అది 10 డెసిబెల్స్ ఎక్కువ మోత మోగేలా ఉంటుంది, 20, 25 హెర్ట్జ్ లోతు వరకూ దిగుతుంది. 10 వాట్లతో ఆ పని జరగదు.

పాటల సంగతి వేరు. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడికి వాయించే మృదంగంలో ఎడమవైపు తొప్పి ఆధార షడ్జానికి ఒక స్థాయి కింద, అంటే దాదాపు 65 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. బాస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్. 35, 40 హెర్ట్జ్ దాకా శుభ్రంగా వస్తే మన ఇళ్లలో వినే సంగీతంలో నూటికి తొంభై పాళ్లు వచ్చేసినట్టే. ఆ లక్ష్యం వాల్వుకి అందుతుంది.

స్పీకరే సగం యాంప్లిఫయర్

చాలామంది దగ్గర తేలిగ్గా దొరికేది కారు సబ్‌వూఫర్. చిన్న పెట్టెలో ఇమిడిపోతుంది, కోన్ బాగా ఆడుతుంది, చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. అయితే ఇలాంటివి ఒక వాటుకి ఒక మీటరు దూరంలో 84 నుంచి 88 డెసిబెల్స్ మధ్యే ఇస్తాయి. కారులో వందల వాట్ల యాంప్ ఉంటుంది కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. మైకు సెట్ల వాళ్లు వాడే 15 అంగుళాల ఊఫర్ అయితే 96, 97 డెసిబెల్స్ దాకా ఇస్తుంది.

ఈ తేడా ఎంతో ఒకసారి లెక్క కట్టి చూడండి. పవర్ పది రెట్లు పెంచితే శబ్దం 10 డెసిబెల్స్ పెరుగుతుంది. 86 డెసిబెల్స్ స్పీకరుకు 10 వాట్లు ఇస్తే 96 వస్తుంది. 96 డెసిబెల్స్ స్పీకరుకు అవే 10 వాట్లు ఇస్తే 106 వస్తుంది. ఆ 106ని కారు సబ్‌వూఫర్‌తో తేవాలంటే 100 వాట్లు కావాలి. అంటే సరైన స్పీకరు ఎంచుకుంటే మీరు 90 వాట్ల వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు కొనకుండా మిగుల్చుకున్నట్టు.

దీనికి మూల్యం స్థలం. పెట్టె చిన్నగా ఉండాలి, లోతైన బాస్ రావాలి, తక్కువ వాట్లు సరిపోవాలి అంటే మూడూ కలిసి కుదరవు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. 15 అంగుళాల స్పీకరుకు 100 లీటర్లకు తగ్గకుండా పెట్టె కావాలి, అంటే లోపలి కొలత అన్నివైపులా 46, 47 సెంటీమీటర్లు. హాల్లో ఒక మూల దానికి వదిలేయాలి. మూలలో పెడితే రెండు గోడలు, నేల కలిసి బాస్‌ని ఇంకాస్త పెంచుతాయి, అది లాభమే. ఇంట్లోవాళ్లు అంత పెట్టెకు ఒప్పుకోకపోతే వాల్వు సబ్‌వూఫర్ ఆలోచన అక్కడే ఆపి, కింద చెప్పిన పని పంచుకునే దారికి నేరుగా వెళ్లండి. నిజానికి ఎక్కువమందికి సరిపోయేది అదే.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జరిగే అసలు కథ

వాల్వు ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు ఇచ్చే మనిషి. స్పీకరుకు కావాల్సింది తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు. మధ్యవర్తి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఆ మధ్యవర్తికి బాస్ అంటే కష్టం.

కోర్‌లో, అంటే చుట్ల మధ్యనున్న ఇనుములో, పుట్టే అయస్కాంత ప్రవాహం వోల్టేజిని బట్టి పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ కూడా పెరుగుతుంది. అదే వోల్టేజి 40 హెర్ట్జ్ బదులు 20 హెర్ట్జ్ దగ్గర ఇస్తే కోర్ మీద భారం రెండింతలు. భారం పెరక్కుండా ఉండాలంటే వోల్టేజి సగానికి తగ్గించాలి. వోల్టేజి సగమైతే పవర్ నాలుగో వంతు. అంటే 40 హెర్ట్జ్ దగ్గర 10 వాట్లు దాటించే ట్రాన్స్‌ఫార్మర్ 20 హెర్ట్జ్ దగ్గర రెండున్నర వాట్లే దాటించగలదు. వాల్వులు ఎంత గొప్పవైనా ఈ లెక్క మారదు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ మీద "10 వాట్లు" అని రాసుంటే అది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరో అడగండి. చెప్పలేకపోతే కొనకండి.

నేను అడగలేదు. మొదటిసారి కొన్న ట్రాన్స్‌ఫార్మర్ చూడ్డానికి బాగుంది, మామూలు పాటలకు బాగానే పాడింది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని 1000 హెర్ట్జ్ దగ్గర చూస్తే పూర్తి పవర్ వచ్చింది. 60 దగ్గరా ఫర్వాలేదు. 30కి దించి వాల్యూమ్ కొంచెం తిప్పగానే, నున్నగా ఉండాల్సిన గుమ్ములో ఒక గరగర మొదలైంది, గొంతు పట్టేసినట్టు. ఆసిలోస్కోపులో తరంగం గుండ్రటి కొండలా కనిపించాల్సింది పోయి, ఒకపక్క చెయ్యిపెట్టి నొక్కినట్టు కుంగిపోయి ఉంది. లెక్క చూస్తే అప్పటికి 3 వాట్లు కూడా దాటలేదు. కోర్ నిండిపోయింది, ఇంక మోయలేదు.

రెండో విషయం ఇండక్టెన్స్, అంటే మారే కరెంటును చుట్టు అడ్డుకునే గుణం. ప్రైమరీ చుట్టు (వాల్వుల వైపుది) ఇండక్టెన్స్ తక్కువైతే లోతు స్వరాలు స్పీకరుకు చేరకుండా చుట్టులోనే ఆగిపోతాయి. 8 కిలో ఓముల లోడ్ (వాల్వులు నడపాల్సిన నిరోధం) మీద, ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి తప్పులు సరిదిద్దే ఏర్పాటు) లేని పెంటోడ్ (ఐదు ఎలక్ట్రోడ్ల) వాల్వులతో 20 హెర్ట్జ్ దాకా వెళ్లాలంటే సుమారు 64 హెన్రీలు కావాలి. 1947లో విలియమ్‌సన్ అనే ఇంజినీరు ప్రచురించిన 15 వాట్ల డిజైన్‌కు ఇప్పటికీ ఇంత పేరుందంటే, అందులో సర్క్యూట్ ఎంత ముఖ్యమో ఆ ట్రాన్స్‌ఫార్మర్ కూడా అంతే ముఖ్యం.

సింగిల్ ఎండెడ్: సబ్‌వూఫర్‌కు వద్దు

ఒక్క వాల్వుతో నడిచే యాంప్ కట్టడం తేలిక, గొంతులకు ఎంతో హాయిగా ఉంటుంది. ఇఎల్84 ఒక్కటి 250 వోల్టుల దగ్గర 5.7 వాట్లు ఇస్తుంది, 6వి6 నాలుగున్నర ఇస్తుంది. చిక్కు ఏమిటంటే ఆ వాల్వు డీసీ కరెంటు మొత్తం ట్రాన్స్‌ఫార్మర్ చుట్టులోంచే ఒకే దిశలో పారుతుంది. దానితో కోర్ ముందే సగం నిండిపోకుండా స్టాంపింగుల (కోర్‌లోని ఇనుప రేకుల) మధ్య సన్నటి సందు వదలాలి. సందు వదిలితే ఇండక్టెన్స్ పడిపోతుంది. పడిపోయిన ఇండక్టెన్స్‌ను తిరిగి తెచ్చుకోవాలంటే ఇనుము రెండింతలు పెట్టాలి. 5 వాట్ల కోసం అంత బరువు మోయడంలో అర్థం లేదు. ఇది ముఖ్య స్పీకర్లకు ఉంచుకోండి.

ట్రాన్స్‌ఫార్మరే లేని ఓటీఎల్ పద్ధతి కూడా ఉంది. 8 ఓముల స్పీకరును నేరుగా నడపాలంటే 6080 లాంటి వాల్వులు బోలెడు కావాలి, ఒక్కోదానికి ఫిలమెంటుకే (లోపల వేడెక్కే తీగకే) 16 వాట్లు పోతాయి. మన ఎండాకాలంలో ఆ వేడి పక్కన కూర్చోలేం. స్పీకరుకూ గోడ కరెంటుకూ మధ్య అడ్డుగోడ లాంటి ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉండదు. కొత్తగా కట్టేవాళ్లు దీని జోలికి పోవద్దు.

పుష్‌పుల్ ఇఎల్84: వాల్వే కావాలంటే ఇదే

రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేస్తే వాటి డీసీ కరెంట్లు కోర్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సందు అక్కర్లేదు. అదే ఇనుముతో ఎన్నో రెట్లు ఇండక్టెన్స్ వస్తుంది. బాస్‌కు పుష్‌పుల్ ఎంచుకోవడానికి పవర్ కంటే పెద్ద కారణం ఇది.

ఇఎల్84 జంట 300 వోల్టుల దగ్గర 8 కిలో ఓముల లోడ్‌తో 17 వాట్ల దాకా ఇస్తుందని డేటాషీట్ చెబుతుంది. ఇంట్లో కట్టేటప్పుడు 10, 12 వాట్లు అనుకుంటే నిశ్చింత. 1950ల్లో ముల్లార్డ్ కంపెనీ ఇచ్చిన 5-10 అనే డిజైన్ పేరులోనే ఐదు వాల్వులతో పది వాట్లు అని ఉంది. దాని ఆధారంగా కట్టినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, అనుమానం వస్తే చదువుకోవడానికి ఎంతో సమాచారం దొరుకుతుంది. వాల్వులు స్లొవేకియాలో జేజే, రష్యాలో సరాటోవ్ ఫ్యాక్టరీ ఇప్పటికీ తయారుచేస్తున్నాయి. పాత రష్యన్ 6పి14పి కూడా ఇదే సాకెట్లో కూర్చుంటుంది. మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు రేడియో వాల్వులు చేసేది. పాత రేడియో రిపేరు షాపుల్లో బీఈఎల్ ముద్రతో అట్టపెట్టెలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. అలాంటివి కొనేముందు వాల్వు టెస్టర్ మీద చూపించమనండి.

ముందు దశకు ఇసిసి83 ఒకటి చాలు. ఒక సగం సిగ్నల్ పెంచుతుంది, రెండో సగం దాన్ని రెండు ఎదురు ఫేజులుగా, అంటే ఒకదానికొకటి తలకిందులైన సిగ్నళ్లుగా, విడదీస్తుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. రష్యన్ 6ఎన్2పి దీనికి బదులు పనిచేస్తుందని చాలామంది చెబుతారు. లోపలి గుణం దగ్గరగానే ఉంటుంది, కానీ ఫిలమెంటు పిన్నులు వేరు. చూసుకోకుండా గుచ్చకండి.

పవర్ వాల్వుల క్యాథోడ్‌లకు ఒకే రెసిస్టర్ కాకుండా ఒక్కోదానికి 270 ఓములు విడివిడిగా పెట్టండి. ఒక్కోదాని మీద దాదాపు 11 వోల్టులు కనిపించాలి. రెండింటి మధ్య తేడా అర వోల్టు దాటితే వాల్వుల జత కుదరలేదని, కోర్‌లోకి డీసీ చేరుతోందని అర్థం. మామూలు యాంప్‌లో ఈ తేడాను చెవి పట్టించుకోదు, బాస్ యాంప్‌లో పట్టించుకుంటుంది.

కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌నే అవుట్‌పుట్‌కు వాడితే?

సబ్‌వూఫర్ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇది. మంచి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకంత ఖరీదు? 20,000 హెర్ట్జ్ దాకా పాడాలి కాబట్టి ప్రైమరీ, సెకండరీలను పొరలు పొరలుగా ఒకదాని మధ్య ఒకటి చుట్టాలి. ఆ పనితనానికే డబ్బు. సబ్‌వూఫర్‌కు 100, 120 హెర్ట్జ్ దాటి ఏమీ అక్కర్లేదు. మనకు కావాల్సింది 30 నుంచి 100 మధ్య. మామూలు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పుట్టిందే 50 హెర్ట్జ్ కోసం!

230-0-230 వోల్టుల చుట్టు, 15 వోల్టుల చుట్టు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. మొత్తం 460కి 15, అంటే చుట్ల నిష్పత్తి సుమారు 30.7. ఇంపీడెన్స్ (ఏసీకి ఎదురయ్యే నిరోధం) నిష్పత్తి దాని వర్గం, 940. స్పీకరు 8 ఓములైతే వాల్వులకు కనిపించేది 7,500 ఓములు. ఇఎల్84 జంటకు కావాల్సింది దాదాపు ఇదే. ఇప్పుడు కోర్ సంగతి. 7,500 ఓముల మీద 10 వాట్లంటే 274 వోల్టులు. ఈ ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ దగ్గర 460 వోల్టులు మోయడానికి తయారైంది. లెక్క వేస్తే 10 వాట్లను 30 హెర్ట్జ్ దాకా తన మామూలు భారంతోనే మోస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

కొన్ని షరతులున్నాయి. టొరాయిడల్ (గాజులా గుండ్రటి కోర్ ఉన్నది) కాకుండా, ఇ, ఐ ఆకారపు రేకులు పేర్చిన పాతకాలపు ఇఐ స్టాంపింగులదే తీసుకోండి. టొరాయిడ్ కోర్ కొద్దిపాటి డీసీ తేడాకే నిండిపోతుంది, స్టాంపింగులది కాస్త ఓర్చుకుంటుంది. 50 వీఏకి (వోల్ట్-ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ మోయగల శక్తి కొలత) తగ్గకుండా చూసుకుంటే తీగ లావుగా ఉంటుంది, చుట్టులో నష్టం తక్కువ. రెడీమేడ్‌గా దొరక్కపోతే ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే వాళ్లకు ఈ అంకెలు రాసిస్తే చాలు, వాళ్లకు రోజూ చేసే పనే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అంటే మాకు రాదంటారు, 230-0-230కి 15 అంటే చుట్టేస్తారు. రెండు సగాల చుట్లు, వాటి ఓములు సమానంగా రావాలని మాత్రం గట్టిగా చెప్పండి.

చేతికొచ్చాక నిష్పత్తి ఇలా చూడండి. 12 వోల్టుల ఏసీని పెద్ద చుట్టుకు ఇచ్చి చిన్న చుట్టు మీద మీటరు పెట్టండి. 0.39 వోల్టుల దగ్గర చూపించాలి. తిరగేసి చిన్న చుట్టుకు వోల్టేజి ఇవ్వకండి. 6.3 వోల్టులు ఇస్తే అవతల 193 వోల్టులు పుడతాయి, షాక్ కొడుతుంది.

ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్‌తో ఫీడ్‌బ్యాక్ ఎక్కువ పెడితే పైన ఎక్కడో ఈల వేసే ప్రమాదం ఉంది. మనకు పై స్వరాలతో పనిలేదు కాబట్టి మొదటి వాల్వు దగ్గరే ఒక చిన్న కెపాసిటర్‌తో పైభాగం కోసేస్తే యాంప్ నిలకడగా ఉంటుంది. మామూలు హైఫై యాంప్‌కు ఈ వెసులుబాటు లేదు.

ఫీడ్‌బ్యాక్ లేకుండా మాత్రం కట్టొద్దు

"ఫీడ్‌బ్యాక్ లేని వాల్వు ధ్వనే స్వచ్ఛమైనది" అనే మాట వింటుంటాం. ముఖ్య స్పీకర్ల విషయంలో ఆ అభిరుచిని గౌరవిస్తాను. సబ్‌వూఫర్ దగ్గర ఒప్పుకోను. ఫీడ్‌బ్యాక్ లేని ఇఎల్84 పెంటోడ్ జంట పై ట్రాన్స్‌ఫార్మర్ వెనకనుంచి చూస్తే స్పీకరుకు 80 ఓముల మూలంలా కనిపిస్తుంది, అంటే కోన్ మీద దానికి పట్టు ఉండదు. 8 ఓముల స్పీకరు తన రెజొనెన్స్ (సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర 40 ఓముల దాకా ఎగబాకిందనుకోండి, ఆ ఒక్కచోట శబ్దం 10 డెసిబెల్స్‌కి పైగా ఉబ్బుతుంది. మృదంగం, డోలు, బాస్ గిటార్ అన్నీ ఒకే "బుమ్ బుమ్"గా వినిపిస్తాయి. చాలామంది "వాల్వు బాస్ వెచ్చగా ఉంటుంది" అనేదాంట్లో సగం ఇదే.

ఇఎల్84ని ట్రయోడ్‌గా (మూడు ఎలక్ట్రోడ్ల వాల్వులా) కలిపితే ఈ 80 ఓములు నాలుగు చిల్లరకు దిగుతాయి, పవర్ కూడా 5 వాట్లకు దిగుతుంది. స్పీకరు 97 డెసిబెల్స్‌దై, గది చిన్నదైతే అది చక్కని దారి. లేదంటే పెంటోడ్‌గానే ఉంచి 12 నుంచి 14 డెసిబెల్స్ ఫీడ్‌బ్యాక్ పెట్టండి. ప్రైమరీలో 43 శాతం దగ్గర ట్యాపులు (చుట్టు మధ్యలోంచి తీసిన కొసలు) ఉన్న అసలైన అల్ట్రాలీనియర్ ట్రాన్స్‌ఫార్మర్ దొరికితే రెండింటి మంచీ కొంత కొంత కలుస్తుంది. హాఫ్లర్, కెరోస్ 1951లో ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి అది.

ఫీడ్‌బ్యాక్ పెట్టాక కోన్ నెమ్మదిగా, సెకనుకు రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంటే అది మోటర్‌బోటింగ్. లోపల ఒక దశ నుంచి ఇంకో దశకు సిగ్నల్ చేరవేసే కప్లింగ్ కెపాసిటర్లను 0.22 మైక్రోఫారడ్ లేదా అంతకంటే పెద్దవి చేయండి. మరీ లోతైన శబ్దాలు లోపలికి రాకుండా ఆపాల్సింది ఇన్‌పుట్ దగ్గర, ఫీడ్‌బ్యాక్ వలయానికి బయట. అక్కడ 470 కిలో ఓములకు 0.022 మైక్రోఫారడ్ పెడితే 15 హెర్ట్జ్ కింద కోత మొదలవుతుంది, కోర్‌కు అక్కర్లేని భారం తప్పుతుంది.

పెద్ద వాల్వులు: ఇఎల్34, 6ఎల్6, కెటి88

20 నుంచి 50 వాట్లు వస్తాయి, బాస్ నిజంగా బాగుంటుంది. ముల్లార్డ్‌దే 5-20 డిజైన్ ఇఎల్34 జంటతో 20 వాట్లు ఇస్తుంది. కానీ 10 నుంచి 40 వాట్లకు వెళితే దక్కేది 6 డెసిబెల్స్. ఆ 6 డెసిబెల్స్ కోసం వోల్టేజి 430, 450కి పెరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్లు ఒంటిచేత్తో ఎత్తలేనంత బరువెక్కుతాయి, కెటి88 జంటతో ఖాళీగా ఉన్నప్పుడే 80, 90 వాట్ల కరెంటు కాలుతుంది. అదే డబ్బు స్పీకరు మీద పెట్టి 90 నుంచి 96కి మారితే ఆ 6 డెసిబెల్స్ వేడి లేకుండా వస్తాయి. ఇప్పటికే మంచి 40 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ మీ దగ్గర పడి ఉంటే తప్ప, తక్కువ పవర్ ప్రాజెక్టుకు నేను దీన్ని సిఫారసు చేయను.

పని పంచుకోవడం: ఎక్కువమందికి నా సలహా

చిన్న వాల్వు యాంప్ ముఖ్య స్పీకర్లకు, సబ్‌వూఫర్‌కు ఐసీ లేదా క్లాస్-డి బోర్డు (వాల్వులు లేని రెడీమేడ్ యాంప్). వినడానికి రాజీలా ఉంటుంది గానీ, వాల్వుకు ఇదే ఎక్కువ మేలు చేస్తుంది. 5 వాట్ల సింగిల్ ఎండెడ్ యాంప్‌ను కష్టపెట్టేది బాసే. ఆ భారం తీసేస్తే గొంతు, వీణ, వయొలిన్ ఒక్కసారిగా తేటపడతాయి. చేయాల్సింది కూడా చిన్నదే. వాల్యూమ్ కంట్రోల్ 100 కిలో ఓములైతే దానికి ముందు 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. 72 హెర్ట్జ్ కింద సిగ్నల్ తగ్గుతూ పోతుంది, కోర్ ఊపిరి పీల్చుకుంటుంది. నా యాంప్‌లో ఈ ఒక్క కెపాసిటర్ పెట్టిన రోజు, రోజూ వినే అన్నమాచార్య కీర్తనే మళ్లీ మొదటినుంచి పెట్టుకుని విన్నాను. తంబురా శ్రుతి గాయకుడి వెనక విడిగా నిలబడింది.

సబ్‌వూఫర్ వైపు టీడీఏ7294 బోర్డు సరిపోతుంది. ప్లస్ మైనస్ 35 వోల్టుల సప్లైతో 8 ఓములకు 70 వాట్ల దాకా ఇస్తుంది, అంటే కారు సబ్‌వూఫర్‌తోనైనా పని జరుగుతుంది. వీధి చివరి షాపులో దొరికే 4440 బోర్డు 13.2 వోల్టుల మీద, బ్రిడ్జిలో (రెండు ఛానెళ్లు ఒక్కటిగా) కలిపితే 19 వాట్లు ఇస్తుంది. 95 దాటిన స్పీకరుకు అది కూడా చాలు. ఇలాంటి బోర్డులు, కెపాసిటర్లు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. నెల్లూరు, తిరుపతి వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్, అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు దగ్గర.

సబ్‌వూఫర్‌లో వాల్వు రుచి కొంతైనా ఉండాలంటే ఐసీ ముందు ఇసిసి82 ట్రయోడ్ ఒకటి పెట్టే హైబ్రిడ్ దారి ఉంది. పెడితే క్రాసోవర్ ఫిల్టరు (బాస్‌ని మాత్రమే పోనిచ్చేది) తర్వాత పెట్టండి. సింగిల్ ట్రయోడ్ 40 హెర్ట్జ్‌కి తోడుగా 80 దగ్గర కొద్దిగా రెండో హార్మోనిక్ కలుపుతుంది. దానివల్లే చెవికి బాస్ నిండుగా అనిపిస్తుంది. వాల్వును ఫిల్టరు ముందు పెడితే ఆ కలిపినదాంట్లో చాలా భాగాన్ని ఫిల్టరే తీసేస్తుంది.

హమ్ము: బాస్ యాంప్‌కు మొదటి శత్రువు

మన కరెంటు 50 హెర్ట్జ్. రెక్టిఫయర్ తర్వాత మిగిలే అల 100 హెర్ట్జ్. రెండూ సరిగ్గా సబ్‌వూఫర్ పాడే చోటే ఉన్నాయి. చిన్న స్పీకరుతో వినిపించని హమ్ము 15 అంగుళాల స్పీకరుతో రాత్రిపూట పక్కగదిలోకి వినిపిస్తుంది. దాన్ని తీయడానికి ఏ ఫిల్టరూ పనికిరాదు, ఎందుకంటే పాటలోని బాస్ కూడా అక్కడే ఉంది. మొదటినుంచే రాకుండా కట్టాలి.

నేను చేసిన వాటిలో ఫలితం ఇచ్చినవి చెబుతాను. హెచ్‌టీ (వాల్వులకు ఎక్కువ వోల్టేజి ఇచ్చే) సప్లైలో రెసిస్టర్ బదులు చోక్ (ఇనుప కోర్ మీద చుట్టిన కాయిల్) పెట్టాను. ఎర్తు తీగలన్నీ ఒకే బిందువుకు తెచ్చాను. చాసిస్ మీద కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ను, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒకదానికొకటి అడ్డంగా తిప్పి దూరంగా పెట్టాను. బిగించేముందు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు హెడ్‌ఫోన్ తగిలించి, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రమే సప్లై ఇచ్చి, చేత్తో మెల్లగా తిప్పుతూ హమ్ము మాయమయ్యే కోణం వెతికాను. ఐదు నిమిషాల పని. ఆ కోణంలో పెన్సిల్‌తో గీత గీసుకుని తర్వాత రంధ్రాలు వేశాను. 100 హెర్ట్జ్ పోయాక మిగిలిన సన్నటి 50 కోసం ఇసిసి83 ఫిలమెంటుకు డీసీ ఇవ్వాల్సి వచ్చింది.

కరెంటు హెచ్చుతగ్గులుండే ఊళ్లలో స్టెబిలైజర్ తప్పనిసరి. ఫిలమెంటు 6.3 వోల్టులకు పది శాతం అటూఇటూ మాత్రమే ఓర్చుకుంటుంది. అర్ధరాత్రి వోల్టేజి 250కి పెరిగే చోట వాల్వుల ఆయుష్షు తొందరగా తరిగిపోతుంది.

ప్రాణం ముందు

300 వోల్టుల డీసీ చంపగలదు. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో అది అలాగే ఉంటుంది. సప్లైకి అడ్డంగా 220 కిలో ఓములు, 2 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా పెట్టండి. 100 మైక్రోఫారడ్ దిగడానికి అప్పటికీ రెండు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాలు ఆగి, మీటరుతో చూసి, అప్పుడే చెయ్యి పెట్టండి. వెలిగించి కొలిచేటప్పుడు ఎడమచెయ్యి జేబులో ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గు, చాసిస్‌కు ఎర్తు తప్పనిసరి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాల్వుల మీద జాలీ కప్పండి.

స్పీకరు తగిలించకుండా వాల్వు యాంప్‌ను నడపకూడదు. లోడ్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టులో వోల్టేజి ఎగిసి ఇన్సులేషన్ కాలిపోతుంది. తీగ ఊడిపోయినా నష్టం తగ్గేలా సెకండరీకి అడ్డంగా 220 ఓములు, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి ఎప్పుడూ ఉంచండి.

చివరి పని: రెండింటినీ కలపడం

ఏ దారిలో కట్టినా ఫిల్టరు యాంప్‌కు ముందే ఉండాలి. స్పీకరు తీగల్లో పెద్ద కాయిల్ పెడితే వాల్వు పవర్ వృథా. హోమ్ థియేటర్ రిసీవర్ ఉంటే దాని సబ్‌వూఫర్ అవుట్‌పుట్ నుంచి 80 హెర్ట్జ్ దగ్గర కోసిన సిగ్నల్ నేరుగా వస్తుంది.

తర్వాత ఫోన్ నుంచి 80 హెర్ట్జ్ టోన్ పెట్టి, ముఖ్య స్పీకర్లు, సబ్‌వూఫర్ కలిపి వినండి. మీరు రోజూ కూర్చునే కుర్చీలోంచే వినాలి. సబ్‌వూఫర్ తీగలు ఒకసారి తిరగేసి మళ్లీ వినండి, తీగలు మార్చేముందు యాంప్ ఆపడం మర్చిపోకండి. ఏ అమరికలో టోన్ ఎక్కువగా వినిపిస్తే అదే సరైన ఫేజు. ఆ తర్వాత మృదంగం తని ఆవర్తనం ఉన్న కచేరీ రికార్డింగ్ ఒకటి పెట్టి సబ్‌వూఫర్ వాల్యూమ్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ రండి. తొప్పి దెబ్బ మూలలోని పెట్టెలోంచి వస్తున్నట్టు అనిపించిన చోట ఆగి, కొంచెం వెనక్కి తిప్పండి. దెబ్బ తిరిగి వాద్యకారుడి చేతి కిందకి చేరుతుంది. అక్కడ నాబ్ మీద ఒక గుర్తు పెట్టుకోండి.